ఒకే ఆపరాన్, తొమ్మిది జీన్లు. మరి సీ సబ్‌యూనిట్ మాత్రం పది ఎలా వస్తాయి?

భీమవరం_బయోటెక్ (సోమవారం, రాత్రి 9:42)

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే శుక్రవారం సెమినార్ ఉంది. బ్యాక్టీరియాలో ఏటీపీ సింథేజ్ (కణానికి శక్తినిచ్చే ఏటీపీని తయారు చేసే ఎంజైమ్), దాని జీన్లు, దాని నిర్మాణం, ఇదీ టాపిక్. స్లైడ్లు సగం అయ్యాక ఒక చోట ఇరుక్కుపోయాను. టెన్షన్‌గా ఉంది.

ఈ. కోలైలో ఈ ఎంజైమ్ జీన్లన్నీ వరసగా ఒకే ఆపరాన్‌లో (కలిపి ఒకేసారి చదివే జీన్ల గుంపులో) ఉన్నాయి: ఐ, బీ, ఈ, ఎఫ్, హెచ్, ఏ, జీ, డీ, సీ. అన్నీ కలిపి ఒకే పొడవాటి ఎమ్‌ఆర్‌ఎన్‌ఏగా వస్తాయి. అంటే ప్రతి జీన్‌కూ నకలు ఒక్కటే. కానీ తయారైన ఎంజైమ్‌లో విడి భాగాల్లో (సబ్‌యూనిట్లు) ఆల్ఫా మూడు, బీటా మూడు, గామా, డెల్టా, ఎప్సిలాన్ ఒక్కొక్కటి, కణం పొరలో 'ఏ' ఒకటి, బీ రెండు, సీ ఏకంగా పది ఉన్నాయి. ఒకే కాగితం మీద ఉన్న వంటకాల్లో ఒకటి పది గిన్నెలు, ఇంకొకటి ఒక్క గిన్నె ఎలా వస్తుంది? మిగతా తొమ్మిది పారేస్తుందా?

కాకినాడ_మాస్టారు (సోమవారం, రాత్రి 10:15)

మంచి ప్రశ్న అమ్మా. జవాబు చెప్పే ముందు ఒక జాగ్రత్త. స్లైడ్ మీద జీన్ పేరూ సబ్‌యూనిట్ పేరూ కలిపేయకు. బీ అనే జీన్ నుంచి వచ్చేది 'ఏ' అనే సబ్‌యూనిట్. 'ఈ' అనే జీన్ నుంచి సీ. ఎఫ్ నుంచి బీ. హెచ్ నుంచి డెల్టా. 'ఏ' అనే జీన్ నుంచి ఆల్ఫా, జీ నుంచి గామా, డీ నుంచి బీటా, సీ జీన్ నుంచి ఎప్సిలాన్. నేను పాఠం చెప్పిన రోజుల్లో సగం మంది పిల్లలు ఇక్కడే మార్కులు పోగొట్టుకునేవారు. మొదట ఉన్న ఐ జీన్ తీసేసినా ఈ. కోలై ఏటీపీ చేసుకుంటుంది, కాబట్టి దాని దగ్గర ఎక్కువ సేపు ఆగకు.

ఇక అసలు సంగతి. ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ ఒకటే అయినా, ప్రోటీన్ తయారు చేసే రైబోజోమ్ ప్రతి జీన్ మొదట్లో విడిగా ఎక్కుతుంది. ఎక్కే చోటు బాగుంటే ఎక్కువసార్లు ఎక్కుతుంది. సీ సబ్‌యూనిట్ తాలూకు జీన్‌కు సరిగ్గా ముందు కొన్ని పదుల అక్షరాల ముక్క ఉంది. రైబోజోమ్‌ను అది గట్టిగా పట్టి లాగుతుంది. దాని పక్కనే ముందున్న 'ఏ' సబ్‌యూనిట్ జీన్ దగ్గర ఎక్కడం కష్టం. అందుకే పక్కపక్క జీన్లే అయినా ఒకటి కొద్దిగా, ఒకటి కుప్పలుగా వస్తాయి. పారేసే పని పెద్దగా ఉండదు. లెక్క చాలావరకు ట్రాన్స్‌లేషన్ (రైబోజోమ్ ప్రోటీన్ చేసే దశ) దగ్గరే తేలిపోతుంది.

ఫ్రాంక్‌ఫర్ట్_తెలుగోడు (సోమవారం, రాత్రి 11:58)

మాస్టారు చెప్పినదానికి ఒక రుజువు కూడా ఉంది. 1980ల్లో ఆ ముక్కను కత్తిరించి, దీనితో ఏ సంబంధమూ లేని మనిషి జీన్ల ముందు, అంటే ఇంటర్‌ల్యూకిన్-2, ఇంటర్‌ఫెరాన్-బీటా జీన్ల ముందు అతికించారు. ఈ. కోలైలో ఆ ప్రోటీన్ల దిగుబడి పెరిగింది. అంటే బలం ఆ ముక్కలోనే ఉందన్నమాట, వెనకున్న జీన్‌లో కాదు. సెమినార్‌లో ఇది తప్పక చెప్పండి.

భీమవరం_బయోటెక్ (మంగళవారం, ఉదయం 7:20)

మాస్టారూ, అన్నయ్యా, ఇద్దరికీ థాంక్స్. రాత్రి ఇది చదివాక నిద్ర పట్టింది.

ఇంకో చిన్న సందేహం. కొన్ని పాత పేపర్లలో ఇవే జీన్లను 'అన్‌క్' అని రాశారు. ఎందుకని?

కాకినాడ_మాస్టారు (మంగళవారం, ఉదయం 11:05)

'అన్‌కపుల్డ్' అన్న మాటలో మొదటి మూడు అక్షరాలు. దీని వెనక ఉన్న కథ నాకు చాలా ఇష్టం, కాస్త పొడుగ్గా రాస్తాను.

1970ల మొదట్లో ఈ ఎంజైమ్ ఆకారం ఎవరికీ తెలియదు. 1961లో పీటర్ మిచెల్ చెప్పిన మాటను, అంటే పొరకు ఒక పక్క పోగైన ప్రోటాన్లే ఏటీపీ తయారీకి శక్తి అన్న మాటను, చాలామంది ఇంకా నమ్మని రోజులు. ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా దగ్గర ఫ్రాంక్ గిబ్సన్, గ్రేమ్ కాక్స్ వాళ్ళు జెనెటిక్స్ దారి పట్టారు. గ్లూకోజ్ ఇస్తే ఈ. కోలై గ్లైకాలిసిస్‌లోనే కొంత ఏటీపీ చేసుకుంటుంది, ఈ ఎంజైమ్ లేకపోయినా బతుకుతుంది. సక్సినేట్ ఒక్కటే ఇస్తే ఆ దారి లేదు. శ్వాస నడవాలి, ప్రోటాన్లు బయటికి పోవాలి, తిరిగి ఈ ఎంజైమ్ గుండానే లోపలికి రావాలి. కాబట్టి గ్లూకోజ్ మీద పెరిగి సక్సినేట్ మీద పెరగని మ్యూటెంట్ (జీన్ మారిన బ్యాక్టీరియా) దొరికితే ఇక్కడేదో తెగిందని అనుమానించవచ్చు.

1980ల్లో నా పీజీ రోజుల్లో ఈ పని చేతులారా చేశాను. గ్లూకోజ్ ప్లేటు మీద కాలనీలు పెరిగాక, స్టెరైల్ చేసిన మఖమల్ గుడ్డను చెక్క దిమ్మ మీద బిగించి, ప్లేటును దాని మీద మెల్లగా బోర్లించి అద్దాలి. గట్టిగా నొక్కితే కాలనీలు అలికినట్టు అయిపోతాయి. తర్వాత అదే గుడ్డ మీద సక్సినేట్ ప్లేటు అద్దాలి. ప్లేటు అంచున పెన్సిల్ గుర్తు పెట్టుకోకపోతే తర్వాత ఏది ఏదో తెలియదు. 37 డిగ్రీల్లో రెండు రాత్రులు ఉంచి రెండు ప్లేట్లనూ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసేవాళ్ళం. ఒక దానిలో చుక్క ఉన్న చోట రెండోదానిలో ఏమీ లేకపోతే ఆ ఖాళీయే మాకు కావలసింది. ఆ ఖాళీని చూసిన రోజు మధ్యాహ్నం భోజనానికి కూడా వెళ్ళలేదు.

గిబ్సన్ వాళ్ళ మ్యూటెంట్లలో శ్వాస మామూలుగానే నడిచింది. ఆక్సిజన్ వాడుకుంటున్నాయి, ఏటీపీ మాత్రం రావడం లేదు. రెండింటికీ మధ్య లంకె తెగింది, అందుకే ఆ పేరు. కొన్నింటిలో ఏటీపీని విడగొట్టే చర్య కూడా పోయింది, కొన్నింటిలో అది ఉండి లంకె మాత్రం పోయింది. పొరకు అతుక్కుని ఉన్న తలకాయ వేరు, పొరలో ఉన్న భాగం వేరు అని జీన్లే చెప్పేశాయి. ఎక్స్-రే బొమ్మ రావడానికి 20 ఏళ్ళకు పైగా ముందే!

ఫిజిక్స్_రాము (మంగళవారం, సాయంత్రం 6:30)

జువాలజీ, మైక్రోబయాలజీ నాకు రావు, ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఈ ఎంజైమును తిరిగే యంత్రం అంటారు కదా, నిజంగా తిరుగుతుందా, లేక పుస్తకాల్లో పోలిక కోసం అలా రాస్తారా?

ఫ్రాంక్‌ఫర్ట్_తెలుగోడు (మంగళవారం, రాత్రి 10:40)

నిజంగానే తిరుగుతుంది సార్, కంటితో చూశారు. 1997లో జపాన్‌లో నోజి, యాసుదా, యోషిదా, కినోసిటా వేడినీళ్ళ బ్యాసిలస్ నుంచి తలకాయ భాగాన్ని మాత్రం తీసుకుని గాజు మీద బోర్లా అతికించారు. మధ్యలో ఇరుసులా ఉన్న గామాకు మెరిసే యాక్టిన్ పోగును కట్టి ఏటీపీ పోశారు. మైక్రోస్కోపు కింద ఆ పోగు గుండ్రంగా తిరిగింది, ఎప్పుడూ ఒకే దిశలో. ఏటీపీ బాగా తగ్గిస్తే 120 డిగ్రీలు తిరిగి ఆగుతూ, మళ్ళీ 120 డిగ్రీలు తిరుగుతూ పోయింది. ఆ ఏడాదే ఈ ఎంజైము ఏటీపీని ఎలా చేస్తుందో తేల్చినందుకు పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు నోబెల్ వచ్చింది. మిగతా సగం బహుమతి సోడియం-పొటాషియం పంపు కనిపెట్టిన యెన్స్ స్కూకు. అయాన్లను తోసే ఎంజైములకు అది మంచి ఏడాది.

పొరలో జరిగేది ఇదీ. పది సీ సబ్‌యూనిట్లు గుండ్రంగా నిలబడి ఒక చక్రం. ఒక్కొక్కటీ హెయిర్‌పిన్‌లా వంగిన రెండు హెలిక్సులు. రెండో హెలిక్స్ మధ్యలో, సరిగ్గా పొర నడుమ, 61వ చోట ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. పక్కన 'ఏ' సబ్‌యూనిట్ కదలకుండా ఉంటుంది. అందులో రెండు అర కాలువలు: ఒకటి బయటి వైపు తెరుచుకుంటుంది, ఒకటి లోపలి వైపు. బయటి కాలువ గుండా వచ్చిన ప్రోటాన్ ఆస్పార్టేట్ మీద కూర్చుంటుంది. చక్రం దాదాపు పూర్తి చుట్టు తిరిగాక లోపలి కాలువ దగ్గర దిగుతుంది. రెండు కాలువల మధ్య 'ఏ' సబ్‌యూనిట్‌లో 210వ అమైనో ఆమ్లం ఆర్జినిన్ కాపలా కాస్తుంది, ప్రోటాన్ అడ్డదారిన దిగకుండా. ఈ ఆస్పార్టేట్‌ను మార్చేసిన మ్యూటెంట్లు సక్సినేట్ మీద పెరగవు. మాస్టారు వెలుతురుకు ఎత్తి చూసిన ఖాళీల్లో కొన్ని ఇవే అయి ఉండొచ్చు.

ఫిజిక్స్_రాము (బుధవారం, ఉదయం 5:50)

పొద్దున్నే లేచి లెక్క వేశాను. ఒక చుట్టుకు మూడు ఏటీపీ, చక్రంలో ఎన్ని సీలు ఉంటే అన్ని ప్రోటాన్లు. పొర మీద 150 మిల్లీవోల్టులు ఉందనుకుంటే మోల్ ప్రోటాన్లకు సుమారు 14.5 కిలోజూల్స్. సీలు పది అయితే ఒక్కో ఏటీపీకి 3.33 ప్రోటాన్లు, అంటే 48 కిలోజూల్స్. ఎనిమిదైతే 39. పదిహేనైతే 72. కణంలో ఒక మోల్ ఏటీపీ చేయడానికి 50 అటూ ఇటూ కావాలని చదివాను. అంటే సీల సంఖ్య సైకిల్ గేరు లాంటిదా? ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువసార్లు తొక్కుతాం, ఒక్కో తొక్కుడూ తేలిక.

ఫ్రాంక్‌ఫర్ట్_తెలుగోడు (బుధవారం, మధ్యాహ్నం 1:10)

సరిగ్గా పట్టుకున్నారు సార్! జీవులను బట్టి ఆ గేరు మారుతుంది. ఆవు గుండె మైటోకాండ్రియాలో ఎనిమిది. ఈ. కోలైలో పది. ఇలియోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాలో పదకొండు, అది ప్రోటాన్లకు బదులు సోడియంతో తిరుగుతుంది. పాలకూర క్లోరోప్లాస్టులో పద్నాలుగు. స్పిరులినాలో పదిహేను. మందుల షాపులో బలానికి అమ్మే ఆకుపచ్చ బిళ్ళల స్పిరులినాయే, క్షారం ఎక్కువున్న నీళ్ళలో పెరుగుతుంది. బయట ప్రోటాన్లే కరువైన చోట తోపు బలహీనం, పెద్ద చక్రానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఆ సంఖ్య జీన్‌లోనే రాసి ఉంది. మొదటి హెలిక్స్‌లో చక్రం లోపలి వైపు చిన్న అమైనో ఆమ్లాల వరస ఉంటుంది, సాధారణంగా గ్లైసిన్లు. అవి ఎంత చిన్నవైతే సీలు అంత దగ్గరగా సర్దుకుంటాయి. క్షారంలో బతికే ఒక బ్యాసిలస్‌లో గ్లైసిన్ల చోట అలనిన్లు ఉంటాయి, చక్రంలో పదమూడు సీలు. రెండు అలనిన్లను గ్లైసిన్లుగా మారిస్తే పన్నెండు సీల చక్రాలు వచ్చాయి, పీహెచ్ 10 దాటిన చోట దాని పెరుగుదల దెబ్బతింది. రెండు అక్షరాల మార్పుతో గేరు మారిపోయింది. నాకు ఈ రంగంలో ఇంతకంటే అందమైన ప్రయోగం తెలియదు.

పెరుగన్నం (బుధవారం, సాయంత్రం 7:45)

డెయిరీలో పని చేస్తాను. ఒక మాట అడ్డు చెప్పాలి. మీరందరూ దీన్ని ప్రోటాన్లు లోపలికి వస్తుంటే తిరిగే చక్రంగానే మాట్లాడుతున్నారు. మా పెరుగు బ్యాక్టీరియాలో కథ తిరగబడుతుంది. లాక్టిక్ బ్యాక్టీరియాకు మామూలుగా శ్వాస గొలుసు లేదు. పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చి ఏటీపీ సంపాదిస్తుంది. ఆమ్లం పెరిగేకొద్దీ లోపలికి ప్రోటాన్లు చొరబడతాయి. అప్పుడు ఇదే ఎంజైము వెనక్కి తిరిగి, ఏటీపీ ఖర్చు పెట్టి ప్రోటాన్లను బయటికి తోసేస్తుంది. ఇక్కడ ఇది అసలైన పంపు, సింథేజ్ కాదు.

వేసవిలో మధ్యాహ్నానికే పెరుగు పుల్లబడుతుంది కదా, ఆ పులుపులో కూడా బ్యాక్టీరియా పని చేయగలగడానికి ఒక కారణం ఈ పంపే. పంపు బలహీనమైన మ్యూటెంట్లతో తోడుపెడితే నిల్వలో పులుపు నెమ్మదిగా పెరుగుతుంది. పళ్ళు పుచ్చిపోవడానికి కారణమయ్యే స్ట్రెప్టోకాకస్‌లో కూడా ఇదే పంపు దాన్ని ఆమ్లం నుంచి కాపాడుతుంది.

కాకినాడ_మాస్టారు (బుధవారం, రాత్రి 8:30)

ఒప్పుకుంటున్నాను. నేనే ముందు చెప్పి ఉండాల్సింది. అమ్మా భీమవరం, సింథేజ్ అని ఒకసారి, ఏటీపీయేజ్ అని ఒకసారి పుస్తకాల్లో కనిపించేది అందుకే. రెండూ ఒకటే యంత్రం.

వరంగల్_సిస్టర్ (గురువారం, ఉదయం 6:10)

నైట్ డ్యూటీ దిగి చదువుతున్నాను. టీబీ వార్డులో నర్సుని. మందులకు లొంగని టీబీకి ఇప్పుడు బెడాక్విలిన్ ఇస్తున్నాం. మొదటి రెండు వారాలు రోజూ 400 మిల్లీగ్రాములు, తర్వాత వారానికి మూడు రోజులు 200. ఈసీజీ తీస్తూ ఉంటాం. ఇది ఏటీపీ తయారీని ఆపుతుందని ట్రైనింగ్‌లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. మీరు చెప్పే చక్రం ఇదేనా?

ఇంకోటి. ఒక అబ్బాయి రెండు నెలలు వాడి, దగ్గు తగ్గింది, బరువు పెరిగాడు, ఊరెళ్ళి మానేశాడు. ఏడు నెలలకు తిరిగొచ్చాడు. అప్పటికి బెడాక్విలిన్ పని చేయడం లేదని కల్చర్ రిపోర్టు వచ్చింది. మానేసిన మందుకు రెసిస్టెన్స్ ఎలా వచ్చిందని వాళ్ళ అమ్మ అడిగితే నాకు చెప్పడం రాలేదు. ఆవిడ మొహం ఇంకా కళ్ళ ముందే ఉంది.

ఫ్రాంక్‌ఫర్ట్_తెలుగోడు (గురువారం, మధ్యాహ్నం 12:25)

సిస్టర్, అదే చక్రం. టీబీ బ్యాక్టీరియాలో సీలు తొమ్మిది. ప్రోటాన్ కూర్చునే చోట ఆస్పార్టేట్ బదులు గ్లుటమేట్, అదీ 61వ చోటే. బెడాక్విలిన్ అక్కడికే వచ్చి అతుక్కుంటుంది. 'ఏ' సబ్‌యూనిట్‌కూ చక్రానికీ మధ్య సందులో ఇంకా గట్టిగా ఇరుక్కుంటుందని 2021లో టొరొంటో వాళ్ళ క్రయో-ఈఎం (గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తీసే) బొమ్మలు చూపించాయి. చక్రంలో కర్ర దూర్చినట్టు, తిరగడం ఆగిపోతుంది.

దీన్ని కనిపెట్టిన తీరు మాస్టారి మఖమల్ గుడ్డ పద్ధతికి చుట్టమే. ముందు ఏ ఎంజైమును ఆపుతుందో తెలియకుండానే, బ్యాక్టీరియాను చంపే మందు కోసం వెతికారు. దొరికింది. తర్వాత ఆ మందులో కూడా బతికిన మ్యూటెంట్లను పట్టుకుని వాటి జీనోమ్ మొత్తం చదివారు. అన్నింటిలోనూ మారిన జీన్ ఒక్కటే, సీ సబ్‌యూనిట్‌ది. 2005లో ఇది అచ్చయింది, 2012 డిసెంబర్‌లో అమెరికా అనుమతి వచ్చింది.

ఇక ఆ తల్లి ప్రశ్న. ల్యాబ్‌లో సీ సబ్‌యూనిట్ జీన్ మారుతుంది కానీ, రోగుల్లో ఎక్కువగా మారేది వేరే జీన్, ఆర్‌వీ0678. మరో పంపుకు అది తాళం. తాళం పాడైతే ఆ పంపు ఎక్కువెక్కువగా తయారై బెడాక్విలిన్‌ను బయటికి తోసేస్తుంది. క్లోఫజిమిన్ అనే ఇంకో టీబీ మందును కూడా తోసేస్తుంది, అందుకే రెండు మందులూ ఒకేసారి బలహీనపడతాయి. ఆ పంపు నడిచేది కూడా ప్రోటాన్ల తోపుతోనే.

మానేసిన తర్వాత ఎందుకంటే, ఈ మందు శరీరాన్ని తొందరగా వదలదు. చివరి దశలో సగానికి తగ్గడానికి అయిదు నెలలకు పైగా పడుతుంది. తోడుగా ఇచ్చిన మిగతా మందులు చాలావరకు రోజుల్లో పోతాయి. అంటే మానేశాక నెలల తరబడి ఒంట్లో మిగిలేది బెడాక్విలిన్, అదీ కొద్దిగా, దాదాపు ఒంటరిగా. తాళం పాడైన బ్యాక్టీరియాకు అంతకంటే మంచి అవకాశం ఉండదు. "మీరు మానేశారు కానీ మందు మిమ్మల్ని మానలేదు, సగం బలంతో లోపలే ఉండి పురుగుకు తప్పించుకోవడం నేర్పింది" అని చెప్పి చూడండి.

వరంగల్_సిస్టర్ (గురువారం, మధ్యాహ్నం 2:05)

ఈ మాట కాగితం మీద రాసుకున్నాను. రేపటి నుంచి డిశ్చార్జ్ అయ్యే ప్రతి ఒక్కరికీ చెబుతాను. మీకు రుణపడి ఉంటాను అన్నా.

భీమవరం_బయోటెక్ (గురువారం, రాత్రి 9:15)

సిస్టర్ గారి పోస్టు చదివాక నా సెమినార్‌లో టీబీ భాగం పెద్దది చేశాను. రేపే. ఒక సంగతి చెప్పాలి.

ఇవాళ ప్రాక్టికల్‌లో ఈ ఎంజైము పని కొలిచాం. ఈ. కోలై పొర ముక్కలకు ఏటీపీ కలిపి, పది నిమిషాల తర్వాత యాసిడ్ పోసి ఆపి, విడిపోయిన ఫాస్ఫేట్ ఎంతో చూడాలి. మాలిబ్డేట్, తర్వాత రెడ్యూసింగ్ రియేజెంట్ పోశాక టెస్ట్ ట్యూబులు ఒక్కొక్కటే నీలంగా మారాయి. ఎంజైము లేని ట్యూబులో నీళ్ళ రంగు పోలేదు, ఎక్కువ ఉన్నదానిలో సిరా నీలం. మాన్యువల్‌లో పైన పద్ధతి పేరు చూశాను, ఫిస్కే-సుబ్బారావు. మా భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారే కదా?

కాకినాడ_మాస్టారు (గురువారం, రాత్రి 9:50)

ఆయనే అమ్మా. 1895లో మీ ఊళ్ళో పుట్టారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఈ నీలం రంగు పద్ధతి అచ్చు వేశారు. దాన్ని కండరాల మీద వాడుతూ ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకున్నారు, 1929లో ఏటీపీని వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనిపెట్టాడు. అంటే నువ్వు ఇవాళ కొలిచిన పద్ధతీ, ట్యూబులో పోసిన ఏటీపీ, రెండింటి మీదా ఆయన చేయి ఉంది. మొదటి స్లైడ్‌లో ఆయన ఫోటో పెట్టు.

భీమవరం_బయోటెక్ (శుక్రవారం, సాయంత్రం 5:30)

పెట్టాను మాస్టారూ. సెమినార్ బాగా జరిగింది, 40 నిమిషాలు అనుకున్నది గంట పట్టింది. రాము సార్ గేరు లెక్క బోర్డు మీద వేశాను, అందరూ నోట్ చేసుకున్నారు. పెరుగు గురించి చెప్పినప్పుడు వెనక బెంచీల వాళ్ళు కూడా తల ఎత్తారు.

ఒక జూనియర్ తమ్ముడు అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను. సీ సబ్‌యూనిట్ జీన్ ముందున్న ఆ ముక్కను తీసుకెళ్ళి 'ఏ' సబ్‌యూనిట్ జీన్ ముందు పెడితే ఏమవుతుంది అని అడిగాడు.

కాకినాడ_మాస్టారు (శుక్రవారం, సాయంత్రం 6:40)

ఆ తమ్ముడు ఎవరో గానీ మంచి బుర్ర. వేరే దారిలోనైనా 'ఏ' సబ్‌యూనిట్‌ను అతిగా తయారు చేయించి చూశారు. ఈ. కోలై పెరుగుదల దెబ్బతింది. పొరలో మోతాదు మించి నిలవడం కణం భరించలేదు. పది ఉండాల్సినవి పదీ, ఒకటి ఉండాల్సింది ఒకటీ రావడం కణానికి ప్రాణం మీది విషయం, నీ మొదటి రోజు ప్రశ్న అక్కడికే వచ్చింది చూడు. సోమవారం ఆ అబ్బాయిని కూడా ఇక్కడ చేరమను.

భీమవరం_బయోటెక్ (శుక్రవారం, సాయంత్రం 6:52)

పక్కనే ఉన్నాడు మాస్టారూ, మీ పోస్టు చదువుతున్నాడు. ఈ. కోలై పొటాషియం పంపు గురించి ఏదో అడగాలంటున్నాడు, కొత్త థ్రెడ్ తెరుస్తాం.